గోడకి కొట్టిన మేకు

ఆరు నెలల్లో మూడో బ్యాటరీ. రిటైరైన టీచరమ్మ ఒకామె కొట్టు ముందు నిలబడి, కారు తాళాన్ని నా బల్ల మీద టప్పున పెట్టింది.

"నువ్వు నకిలీ సరుకు అమ్ముతున్నావా నాయనా?"

సీఆర్ 2032 అని గుండ్రంగా, రూపాయి బిళ్లలాగా ఉంటుంది ఆ బ్యాటరీ. మామూలుగా వాడితే ఏడాదికి పైగానే వస్తుంది. పాతది తీసి మీటరు పెట్టి చూశాను. చచ్చిపోయి ఉంది. ముందు వేసిన రెండూ అదే పెట్టెలోవి, ఆ పెట్టెలో మిగిలినవి వేరేవాళ్ల తాళాల్లో బాగానే పనిచేస్తున్నాయి. తప్పు బ్యాటరీది కాదని నాకు తెలుసు, ఆమెకి చెప్తే నమ్మదని కూడా తెలుసు. అందుకని సాయంత్రం కొట్టు మూసి వాళ్లింటికి పోయాను.

తమిళనాడు అంచున ఉన్న మా ఎలవూరులో స్టేషన్ వైపు సందుల్లో ఇళ్లు ఎట్లా ఉంటాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఈ ఇళ్లు కట్టిన రోజుల్లో కార్లు లేవు. తిన్నె, తిన్నె పక్కన అరటిచెట్టు, అంతే. ఇప్పుడు ఆ తిన్నెకి ఆనించి, గోడకి జానెడు ఎడం పెట్టి, పెద్ద కారు ఇరికించారు. గోడకి లోపలివైపు తిరుపతి వెంకన్న క్యాలెండరు. దాని కింద మేకు. మేకుకి కారు తాళం.

ఆమె కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. నేను వీధిలోకి వచ్చి, ఖాళీ చేతుల్తో, కారు తలుపు పిడి మీద ఉండే చిన్న మీట నొక్కాను. అద్దాలు రెండూ రెక్కలు విప్పుకున్నట్టు విప్పుకున్నాయి. తలుపు తెరుచుకుంది. లోపల కూర్చుని బ్రేకు తొక్కి బటను నొక్కాను. స్టార్టయింది. కాఫీ గ్లాసుతో బయటికి వచ్చినామె అట్లాగే నిలబడిపోయింది.

"తాళం లోపలే ఉంది కదా నాయనా!"

"లోపలే ఉందమ్మా. బండికి మీ గోడ కనపడదు."

ఈ కొత్త బండ్ల సంగతి అంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. బండి, తాళం రెండు గొంతుల్తో మాట్లాడుకుంటాయి. బండిది గుసగుస. 125 కిలోహెర్ట్జ్ దగ్గర, మీటరు, మహా అయితే మీటరున్నర దాకా వినపడే పిలుపు. తాళానిది కేక. మన దేశంలో ఎక్కువ బండ్లకి 433 మెగాహెర్ట్జ్ దగ్గర, పదుల మీటర్ల దూరం పోతుంది. బండి గుసగుస వినపడితేనే తాళం కేకేస్తుంది. అందుకని, తాళం జవాబిచ్చిందంటే అది పక్కనే ఉందని బండి నమ్ముతుంది. కొలిచి కాదు, ఊరికే నమ్ముతుంది. ఇటుక గోడ ఆ గుసగుసకి అడ్డం కాదు. కొన్ని బండ్లు తలుపు ముట్టుకుంటేనే పిలుస్తాయి, కొన్ని యజమాని వస్తున్నాడేమోనని ఊరికే పిలుస్తూ ఉంటాయి. మేకుకి వేలాడే తాళం రాత్రంతా నిద్రపోకుండా ఊఁ కొడుతూనే ఉంది. బ్యాటరీ చావక ఏం చేస్తుంది?

దొంగలు వాడుకునేది కూడా ఈ నమ్మకాన్నే. ఇద్దరు వస్తారు. ఒకడు బండి దగ్గర, ఇంకొకడు ఇంటి గోడ దగ్గర సంచీ పట్టుకుని. బండి గుసగుసని మొదటివాడి దగ్గరున్న పెట్టె పట్టుకుని రెండోవాడి సంచీకి పంపుతుంది, అది గోడ అవతల తాళానికి వినిపిస్తుంది. తాళం జవాబిస్తుంది. బండి తెరుచుకుంటుంది. ఇందులో ఏ రహస్యాన్నీ ఎవరూ ఛేదించలేదు, ఏ తాళాన్నీ ఎవరూ కాపీ చెయ్యలేదు. ఇక్కడి మాట అక్కడికి మోశారు, అంతే. స్విట్జర్లాండ్‌లో, జ్యూరిక్‌లోని ఈటీహెచ్ అనే విశ్వవిద్యాలయంలో ఫ్రాంసియోన్, డానెవ్, చాప్కున్ అనే ముగ్గురు 2011లోనే దీన్ని చేసి చూపించారు. 8 కంపెనీల 10 మోడళ్ల మీద ప్రయత్నిస్తే పదీ లొంగిపోయాయి. వాళ్లు అప్పుడే చెప్పిన మందుల్లో ఒకటి, వాడనప్పుడు తాళాన్ని లోహపు కప్పులో పెట్టుకోమని. పదేళ్లు దాటినా ఇంకా దానికి మించిన చవక మందు రాలేదు.

మా నైనకి ఈ విద్య తెలియదు కానీ దీని తమ్ముడిలాంటిది ఒకటి తెలుసు. ఆయన బస్టాపు పక్కన చింతచెట్టు కింద గోనెపట్టా పరుచుకుని, ఆకురాయితో బీగంచెవులు చేసేవాడు. అంబాసిడర్లకీ ఫియట్లకీ చేసేవాడు. అరిగిపోయిన అంబాసిడర్ చెవి ఒకటుంటే ఇంకో అంబాసిడర్ కూడా తెరుచుకోవడం నా కళ్లతో చూశాను. ఒకసారి ఎవరో సబ్బుబిళ్ల తెచ్చాడు. దాని మీద చెవి అచ్చు దిగి ఉంది. "దీన్నిబట్టి ఒకటి చేసియ్యి పెద్దాయనా, రెండింతలు ఇస్తాను" అన్నాడు. మా నైన సబ్బు వాసన చూసి, "స్నానానికి బాగుంటుంది, తీసుకుపో" అన్నాడు. బీగం చూడకుండా చెవి చెయ్యకూడదనేది ఆయన పద్ధతి. ఆ పూట ఇంట్లో ఏం వండారో నాకు గుర్తు లేదు గానీ, పెద్దగా ఏమీ వండి ఉండరు.

ఆ రోజుల నుంచి నా కొట్టు దాకా మధ్యలో వచ్చిన పెద్ద మార్పు తాళం తలలో చిప్పు. ఇనుప ముక్క ఒకటే సరిపోయినా బండి కదలదు. తలలో ఉన్న చిప్పు సరైన జవాబు ఇస్తేనే ఇంజను రాజుకుంటుంది. దీన్ని ఇమ్మొబిలైజర్ అంటారు. మారుతీ వాళ్లు ఐక్యాట్స్ అని పేరు పెట్టారు. మొదట్లో చాలామంది తాళాల పనివాళ్లు ఈ చిప్పు చూసి భయపడి, పెట్టెల బీగాలకీ బీరువా బీగాలకీ మళ్లిపోయారు. నేను మద్రాసు రిచీ స్ట్రీట్‌లో తిరిగి తిరిగి, చెడిపోయిన బోర్డులు కొనుక్కొచ్చి కాల్చుకుంటూ నేర్చుకున్నాను. ఒక బండి మెదడు కాల్చేసి దాని డబ్బులు రెండేళ్లు కట్టాను. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ ఎత్తుతారు.

ఇప్పుడు నా బల్ల మీద ఒక ట్యాబు ఉంటుంది. స్టీరింగు కింద, డ్రైవరు మోకాలి దగ్గర 16 సూదుల సాకెట్ ఒకటి ఉంటుంది. ఓబీడీ అంటారు. ట్యాబు తీగ అందులో గుచ్చితే బండితో నేరుగా మాట్లాడొచ్చు, కొత్త తాళాన్ని "ఇది కూడా నీదే" అని పరిచయం చెయ్యొచ్చు. నిజానికి ఆ సాకెట్ వచ్చింది తాళాల కోసం కాదు, పొగ కోసం. ఇంజను ఎక్కువ పొగ వదుల్తోందా లేదా అని బండి తన్ను తాను చూసుకోవాలని అమెరికాలో 1996లో రెండో తరం ఓబీడీ తప్పనిసరి చేశారు. మన దగ్గర భారత్ స్టేజ్ 4తో 2010లో మొదలై, 2013లో రెండో తరం వచ్చింది. గాలి బాగుండాలని పెట్టిన కిటికీ అది. దొంగ ఆ కిటికీలోంచే దూరాడు.

పేపర్లలో అందరూ సంచీ దొంగల గురించి రాస్తారు. మన వైపు నేను విన్న కేసుల్లో ఎక్కువ భాగం మాత్రం ఈ సాకెట్ దొంగలవి. 2021లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఒక హోటల్ పార్కింగ్ నుంచి కన్నడ సినిమా నిర్మాత ఫార్చ్యూనర్ మాయమైంది. 2025లో చెన్నై అన్నానగర్‌లో ఇంటి ముందున్న ఖరీదైన కారు పోతే, పోలీసులు సీసీ కెమెరాలు పట్టుకుని పోయి పుదుచ్చేరిలో ఒకణ్ని పట్టుకున్నారు. పెద్ద చదువు చదివినవాడు, రాజస్థాన్ మనిషి అని రాశారు. అదే ఏడాది జూన్‌లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఎన్‌క్లేవ్‌లో ఒక క్రెటాని దొంగలు అద్దం పగలగొట్టి, నిమిషం తిరిగేసరికి తీసుకుపోయిన వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. మా వాట్సాప్ గ్రూపులో అది చూసి ఒకడు "అన్నా, నీకంటే స్పీడుగా ఉన్నాడే" అని పెట్టాడు. నవ్వు బొమ్మలు పెట్టారు అందరూ. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ వీడియోలో వాడు ఏం చేస్తున్నాడో నాకు అడుగడుగునా తెలుస్తోంది. కూర్చున్న తీరు, తల వంచి చెయ్యి పెట్టిన చోటు, అన్నీ నావే.

నా వృత్తిలో బయటివాళ్లకి తెలియని సంగతి ఇదే. వాడి దగ్గరున్న సామాను, నా దగ్గరున్న సామాను ఒకటే. ఆకురాయి రోజుల్లోనూ అంతే అనుకోండి. కాకపోతే ఆకురాయితో గంట పట్టే పనికి ఇప్పుడు కొన్ని నిమిషాలు చాలు. గంట సేపు రోడ్డు మీద కూర్చున్నవాణ్ని నలుగురు చూస్తారు, ఎవరో ఒకరు "ఏంది సామీ, ఎవరిదీ బండి?" అని అడుగుతారు. నిమిషంలో పోయేవాణ్ని ఎవరు అడుగుతారు?

అందుకని ఆ ప్రశ్న నేనే అడుగుతాను. ఆర్‌సీ కావాలి, ఆధార్ కావాలి, రెండింట్లో పేరు ఒకటే కావాలి. బండి నా కళ్ల ముందు ఉండాలి, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. బండి ఇంకొకరి పేరు మీద ఉంటే ఆ మనిషితో వీడియోలో మాట్లాడాలి. అన్నీ ఒక పెద్ద నోటుపుస్తకంలో రాసుకుంటాను. తెలుగులో రాస్తాను. కొట్టు బోర్డు అరవంలో ఉన్నా, లెక్క నాకు తెలుగులోనే కుదురుతుంది. ఒకసారి ఏదో కేసు విషయంగా వచ్చిన పోలీసాయన పుస్తకం తెరిచి, "ఇదేం కోడు?" అని నవ్వాడు. నేనే పక్కన కూర్చుని చదివి వినిపించాను. టీ తెప్పించి ఆయన ఓపిగ్గా రాసుకున్నాడు.

మా ఊరు ఉన్న చోటు అట్లాంటిది. ఆరంబాకం దాటితే తడ, తడ అంటే ఆంధ్రా. కొట్టు ముందు టీఎన్ 20 బండి ఎంత నిలబడుతుందో నెల్లూరు ఏపీ 26 బండీ, కొత్త ఏపీ 39 బండీ అంతే నిలబడుతుంది. చెక్‌పోస్టులో లారీలు వరస కడతాయి, కార్లు సర్రున పోతాయి. చెన్నైలో తెల్లారుజామున పోయిన బండి సొంతదారు పళ్లు తోముకునేలోపు సూళ్లూరుపేట చేరగలదు.

ఒక అర్ధరాత్రి ఫోను వచ్చింది. హైవే మీద, ధాబా దగ్గర, తాళం పోయింది, పిల్లలు ఉన్నారు, ఎంతైనా ఇస్తాను అన్నాడు. మంచి తెలుగు, గుంటూరు వైపుది. ఆర్‌సీ అడిగితే ఫోనులో ఉందన్నాడు, పంపమంటే సిగ్నల్ లేదన్నాడు. సిగ్నల్ లేకుండా నాకు ఫోను ఎట్లా చేశాడు? పిల్లల గొంతు వినిపించమన్నాను. నిద్రపోయారన్నాడు. నేను రానని చెప్పి, పోలీసు నంబరుకి చెయ్యండి, వాళ్లు ఎదురుగా ఉంటే పది నిమిషాల్లో వస్తాను అన్నాను. ఫోను పెట్టేశాడు. దొంగో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. నిజంగా పిల్లలు నిద్రపోతూ ఉండి ఉంటే, ఆ కుటుంబం రాత్రంతా హైవే పక్కన దోమల్లో గడిపి ఉంటుంది. ఈ వృత్తిలో అట్లాంటి రాత్రులు మూడు నాలుగు ఉన్నాయి నాకు.

ఇంకో రకం వస్తారు, పగలే వస్తారు. బండి పోయి ఇన్సూరెన్స్‌కి పోతే కంపెనీవాళ్లు బండితో వచ్చిన తాళాలు రెండూ అప్పగించమంటారు. ఒకటే చూపిస్తే సవాలక్ష ప్రశ్నలు. అందుకని బండి పోయిన తర్వాత నా దగ్గరికి వచ్చి, "రెండో తాళం కనపడట్లేదన్నా, అచ్చం అట్లాంటిది ఒకటి చేసియ్యి" అంటారు. బండే లేదు కదా సామీ, దేనికి చెయ్యను? ఒకాయన దూరపు చుట్టం, మామా అని పిలిచే వరస. చెయ్యలేదని మా ఇంట్లో పెళ్లికి రాలేదు. తాళం పోయిన రోజే పోలీసు స్టేషన్లో కాగితం రాయించుకోండి, ఇన్సూరెన్స్ ఆఫీసుకి ఒక మాట రాసి పెట్టండి అని అప్పటినుంచి అందరికీ చెప్తున్నాను. బండి ఉన్నప్పుడే వినాలి ఆ మాట.

బ్రిటన్‌లో 2025 ఫిబ్రవరిలో ఒక బిల్లు పెట్టారు. ఇట్లాంటి దొంగ పెట్టెలు దగ్గర ఉంచుకుంటేనే అయిదేళ్ల దాకా జైలని. సరైన పని కోసం ఉంచుకున్నామని చూపించుకునే బాధ్యత ఉంచుకున్నవాడిదే. సంచీ పెట్టెల విషయంలో నాకు అభ్యంతరం లేదు, వాటితో తాళం చేసే పని ఏదీ లేదు. కానీ మన దగ్గర ఎవరైనా ఉత్సాహపడి ట్యాబులు కూడా కలిపేస్తే, పుస్తకం రాసుకునేవాడు కొట్టు మూస్తాడు, రాసుకోనివాడు చీకట్లో చేస్తూనే ఉంటాడు. తాళాల పనివాళ్లకి ఒక లైసెన్సు, ఒక రిజిస్టరు పెట్టండి, మొదట సంతకం చేసేది నేనే.

మళ్లీ టీచరమ్మ ఇంటికి వద్దాం. కాఫీ తాగుతూ ఏం చెయ్యాలని అడిగింది. ముందు మేకు పీకమన్నాను. తాళం ఇంటి నడిమధ్యలోకి పోవాలి, దానికి తోడు లోహపు డబ్బాలోకి పోవాలి. వంటింట్లోంచి ఎవర్‌సిల్వర్ డబ్బా ఒకటి తెచ్చింది, మురుకులు పోసుకునేది. పరీక్ష ఎట్లాగంటే, తాళం లోపల పెట్టి మూత బిగించి, డబ్బాని చంకలో పెట్టుకుని కారు దగ్గరికి పోయి మీట నొక్కాలి. తలుపు తెరుచుకోకపోతే డబ్బా మంచిదే. మొదటి డబ్బాకి మూత వదులు, కారు తెరుచుకుంది. రెండోదానికి ప్లాస్టిక్ మూత, అదీ తెరుచుకుంది. మూడోది పాత కాలపుది, ఆమె పెళ్లికి పెట్టిన సారె డబ్బా, మూత తియ్యాలంటే ఇద్దరు పట్టాలి. కారు కిక్కురుమనలేదు. ఆన్‌లైన్లో సంచులు అమ్ముతారు, కొన్ని బాగానే ఉంటాయి, మడత దగ్గర అరిగితే పనికిరావు. నెలకోసారి ఇదే పరీక్ష వాటికీ పెట్టాలి.

కొన్ని తాళాలకి నిద్రపుచ్చే పద్ధతి ఉంటుంది. టయోటా వాళ్ల తాళాలు చాలావాటికి లాక్ బటను నొక్కి పట్టుకుని అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే, ఎర్ర దీపం నాలుగుసార్లు మిణుకుమని, తాళం నిద్రపోతుంది. మళ్లీ ఏదైనా బటను నొక్కితే లేస్తుంది. ఏ కంపెనీదైనా బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది, ఆ పుస్తకాన్ని ఎవరూ ప్లాస్టిక్ కవర్లోంచి తియ్యరు.

డబ్బా సంచీ దొంగకి మందు. సాకెట్ దొంగకి డబ్బా పనికిరాదు, వాడికి మీ తాళంతో పనే లేదు. వాడికి మందు ఇనుము. గేరు లాకు, స్టీరింగుకి అడ్డంగా వేసే రాడ్డు. మా నైన కాలం సరుకే. ట్యాబుతో వచ్చినవాడు రంపం తెచ్చుకుని ఉండడు, తెచ్చుకున్నా చప్పుడవుతుంది. ఓబీడీ సాకెట్ మీద బీగం వేసే ఇనుప మూత కూడా దొరుకుతుంది, వేయించుకోండి. పెట్రోలు పంపు కరెంటుకి దాచిన స్విచ్ పెట్టే పని నేను చేస్తాను గానీ, కంపెనీ వారంటీ ఉన్న బండికి చెయ్యను. వైరు తెగ్గోస్తే రేపు ఏ చిన్న రిపేరుకీ వాళ్లు నా పేరే చెప్తారు. పాత బండి కొన్నవాళ్లు మాత్రం మొదటి రోజే తాళాల పనివాడి దగ్గరికి పోయి, బండి మెదడులో ఎన్ని తాళాలు రాసి ఉన్నాయో చూపించుకోవాలి. మీ చేతిలో రెండు ఉండి లోపల మూడు ఉంటే, ఆ మూడోది ఎవరి జేబులో ఉందో దేవుడికి తెలియాలి. పాతవన్నీ చెరిపించి, మీవి రెండే రాయించుకోండి.

అసలు విరుగుడు బండి చేసేవాళ్ల చేతిలో ఉంది. బండి నమ్మడం మానేసి కొలవడం మొదలుపెట్టాలి. రేడియో అల సెకనులో వంద కోట్లవ వంతు కాలంలో 30 సెంటీమీటర్లు పోతుంది. పిలుపుకి జవాబు ఎంతసేపట్లో వచ్చిందో అంత సన్నంగా కొలిస్తే, తాళం అడుగు దూరంలో ఉందో గోడ అవతల ఉందో తెలిసిపోతుంది. మధ్యలో సంచీ దూరితే ఆలస్యం పెరుగుతుందే గానీ తగ్గదు. యూడబ్ల్యూబీ అనే ఈ పద్ధతి 2018 ప్రాంతం నుంచి కొన్ని ఖరీదైన బండ్లలో వచ్చింది, ఫోనే తాళంగా పనిచేసే కొత్త ప్రమాణంలోనూ చేర్చారు. నా కొట్టుకి వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి అది రావడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా సారె డబ్బానే.

పోయిన శుక్రవారం టీచరమ్మ దగ్గర్నుంచి ఫోను. సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడి నుంచి. దర్శనం అయ్యింది, ఎండ మండిపోతోంది, కారు తలుపు తెరుచుకోవడం లేదు, బ్యాటరీ మళ్లీ చచ్చిపోయినట్టుంది, ఈసారి నిన్ను వదలను అంటోంది.

"తాళం ఎక్కడుందమ్మా?"

"డబ్బాలో పెట్టాను నాయనా, నువ్వు చెప్పినట్టే. సంచీలో ఉంది."

"మూత తియ్యండమ్మా."

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఎవరినో పిలుస్తున్న గొంతు, "బాబూ, ఈ డబ్బా ఆ పక్క కొంచెం పట్టుకో నాయనా" అని.